ఈనాటికి నాకు తెలిసింది

ఆమె పోయిందన్న వార్త మా కాలనీ వాట్సాప్ గ్రూపులో రెండు వీడియోల మధ్య వచ్చింది. పైన ఒకాయన కొబ్బరినూనె అమృతమని వీడియో పెట్టాడు. కింద మరొకాయన అదే నూనె గుండెకు శత్రువని ఇంకో వీడియో పెట్టాడు. మధ్యలో ఆమె ఫోటో, దానికి ఎవరో తొందరలో తగిలించిన పూలదండ బొమ్మ. నేను రెండు దండాలు పెట్టి వెంటనే కింది వీడియో తెరిచాను. చివరిదాకా చూశాను. చూడటం అయ్యాక గాని పోయింది మా డాక్టరమ్మని నా బుర్రకెక్కలేదు. నా తిండి పిచ్చి ఎంతదూరం వచ్చిందో చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

వనపర్తిలో బజారు వెనక సందులో ఆమె దవాఖాన ఉండేది. ఒక గది, ఒక బల్ల, వచ్చినవాళ్ళు కూర్చోడానికి బయట అరుగు. గోడ మీద గుండె బొమ్మగానీ, నవ్వుతున్న కుటుంబం బొమ్మగానీ ఉండేవి కావు. ఉన్నదొక్క క్యాలెండర్. షుగర్, బీపీ వాళ్ళే ఎక్కువ వచ్చేవాళ్ళు. రాజోలి వైపు పుట్టిన మనిషి కాబట్టి ఆమె మాటల్లో కన్నడం కలిసేది. ఎవరేం చెప్పినా కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి, మెడ కొంచెం పక్కకు వంచి “హౌదా?” అనేది. అవునా అని. అబద్ధం చెప్పేవాడు ఆ మాటకు మూడోసారికే తలవంచేవాడు.

మధ్యాహ్నం తలుపు తీసి ఉంచే అన్నం తినేది. అరుగు మీది జనం మెడలు సాచి ఆమె డబ్బాలోకి చూసేవాళ్ళు. డాక్టరమ్మ ఏం తింటుందో అదే అసలు మందని వాళ్ళ నమ్మకం. ఒక ముసలావిడ ఉండబట్టలేక, “మాకు బువ్వ తగ్గియ్యమని మీరు తింటున్రేందమ్మా?” అని అడిగేసింది. “నాకు షుగర్ లేదు గదమ్మా. ఉన్ననాడు నేను గూడ తగ్గిస్త,” అని ఈమె పప్పు కలుపుకుంది. ఆ ముసలావిడకు ఆ జవాబు నచ్చలేదు. నిజానికి నాకూ నచ్చలేదు.

నేనెవరినో చెప్పాలి. ముప్ఫై ఏళ్ళు హైస్కూళ్ళలో జీవశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. శాస్త్రీయ దృక్పథం అంటే ఏమిటన్న ప్రశ్నకు ప్రతి ఏడూ నేనే నోట్సు చెప్పి రాయించేవాణ్ణి. కొత్త ఆధారం దొరికినప్పుడు పాత అభిప్రాయాన్ని మార్చుకోవడం, అని. మార్చుకోవడం అన్న మాట వదిలేసిన పిల్లలకు అరమార్కు కోసేవాణ్ణి. అటువంటి నాకు షుగర్ వచ్చినప్పుడు, పేపర్లలో కత్తిరించిన ఆరోగ్య వ్యాసాల ఫైలు చంకలో పెట్టుకుని ఆమె దగ్గరికి వెళ్ళాను. రోగిలా కాదు, ఇన్‌స్పెక్షన్‌కు వెళ్ళినట్టు వెళ్ళాను.

“గుడ్డులో పచ్చసొన తినొచ్చా, వద్దా?” అని మొదలుపెట్టాను.

“కొన్నేండ్ల కింద వద్దని చెప్తుంటి. ఇప్పుడు దినాం ఒకటి తింటే ఏం కాదంటున్న.”

“మరి రేపేమంటారు?”

“రేపటి సంగతి నాకు తెల్వదు సారు.”

నేను ఫైలు తెరిచి రెండు కాగితాలు ముందు పెట్టాను. ఒకదాంట్లో ఒక పెద్ద డాక్టరు నెయ్యి తినమన్నాడు, ఇంకోదాంట్లో ఇంకో పెద్ద డాక్టరు ముట్టొద్దన్నాడు. ఇందులో ఏది నిజమో తేల్చమన్నాను. ఆమె రెండూ ఓపిగ్గా చదివింది. “మీరెంత తింటరు?” అంది. రోజుకు మూడు చెంచాలన్నాను. “హౌదా?” అంది. ఐదన్నాను. ఆ పైన ఇంకేమీ తేల్చలేదు. చీటీ రాయడం మొదలుపెట్టింది.

ఆమె చీటీ రాసే పద్ధతి ఊళ్ళో ఎవరికీ లేదు. కింద కార్బన్ కాగితం పెట్టి రాసేది. పైది మనకు, నకలు ఆమె పుస్తకంలో. ఏ గోలీ ఎప్పుడు, ఏం తినాలి, ఎంత నడవాలి అన్నీ గుండ్రటి అక్షరాల్లో తెలుగులో రాసి, చివర ఒక గీత కొట్టి, ఆ గీత కింద ‘ఇది ఈనాటికి నాకు తెలిసింది’ అని రాసి తేదీ వేసేది. ఆ వాక్యం చూసి నేను ఇంటికొచ్చి మా ఆవిడకు చూపించి మరీ నవ్వాను. ఇదేమన్నా డాక్టరు రాసే రాతేనా, పాలు విరిగితే నాకు సంబంధం లేదని పాలవాడు చెప్పినట్టుంది అన్నాను. మా ఆవిడ చీటీ చదివి, “నడవమని గూడ రాసిన్రు. అది చూసిన్రా?” అని మాత్రం అడిగింది.

నాకు ఒక్కడికే కాదు, ఊరికే ఆమె మీద నమ్మకం తగ్గుతూ వచ్చింది. కారణం ఆమె నోరే. తెలియనిదాన్ని తెల్వదు అనేది. చెప్పింది మారితే మారిందని చెప్పేది. అరుగు మీద జనం పలచబడ్డారు. “ఆ మేడంకే తెల్వదంట, మనకేం చెప్తది?” అని బస్టాండులో అనుకోగా నేనే విన్నాను. విని, అవునన్నట్టు తలాడించాను కూడా.

ఆ రోజుల్లోనే మా పట్నంలో ఒక ఫంక్షన్ హాల్లో ఆహార నిపుణుడి సభ జరిగింది. ఆయన పేరెందుకులెండి, అటువంటివాళ్ళు జిల్లాకొకరున్నారు. తెల్లచొక్కా, చెంపకు అంటుకున్న మైకు. రెండున్నర గంటలు మాట్లాడి ఒక్కసారి కూడా తెలియదు అనలేదు. బియ్యం విషమన్నాడు, గోలీలు బానిసత్వమన్నాడు, కొవ్వు తిని కొవ్వు కరిగించమన్నాడు. నేను మూడో వరుసలో కూర్చుని నోట్సు రాసుకున్నాను. ముప్ఫై ఏళ్ళు నోట్సు చెప్పినవాడికి ఒక్కసారి రాసుకునే యోగం పట్టిందని సంబరపడ్డాను.

మర్నాటి నుంచి మా ఇంట్లో బియ్యం డబ్బా అటకెక్కింది, గోలీలు సొరుగులోకి పోయాయి. పొద్దున కాఫీలో వెన్న వేసుకుని తాగాను. మొదటిరోజు వాంతి వచ్చింది, అది విషం బయటికి పోవడమని ఆయన ముందే చెప్పి ఉన్నాడు కాబట్టి సంతోషించాను. రెండు నెలలకు నడుము తగ్గింది. బెల్టుకు కొత్త చిల్లు పొడిపించుకుని ఇంటికొచ్చిన ప్రతివాడికీ చొక్కా పైకెత్తి ఆ చిల్లు చూపించాను. గ్యాసు బండ తెచ్చినాయనకు కూడా చూపించాను. “నాలుగిండ్లకు బండలెయ్యాలె సారు, చూస్త గని సంతకం పెట్టున్రి,” అన్నాడతను. మా ఆవిడ తలుపు చాటున నోట్లో కొంగు కుక్కుకుంది.

ఆ చలికాలంలోనే పెబ్బేరు సంతలో ఆమెను చూశాను. మా బావమరిది ఎడ్లు కొంటానంటే తోడు వెళ్ళాను. ఎడ్ల గురించి నాకు పాఠంలో ఉన్నంతే తెలుసు, అయినా వెళ్ళాను. అక్కడ, పశువుల మధ్యలో, వైరు బుట్టలో కార్బన్ పుస్తకాలు పెట్టుకుని, తలకు కొంగు చుట్టుకుని డాక్టరమ్మ నడుస్తోంది. పలకరించాను.

“మీరేంటి మేడం ఇక్కడ?”

“తప్పు దిద్దుకుంట తిరుగుతున్న సారు. జొన్నరొట్టె తినమని మస్తుమందికి రాసిచ్చిన. ఎన్ని తినాలెనో రాయలే. బువ్వ తగ్గియ్యాలెనని గూడ రాయలే. అందరికీ షుగర్ పెరుగుతుంది. ఊరూరు తిరిగే బలం నాకు లేదు. అన్ని ఊర్లోళ్ళు ఈడికే వస్తరు గద.”

దవాఖాన మూసి, బస్సెక్కి, సంతకొచ్చి, పుస్తకంలో నకళ్ళు చూసుకుంటూ మనుషుల్ని వెతుక్కుంటోందన్న మాట. ఆ సంగతి అర్థమయ్యాక నాకు ముందు వచ్చింది జాలి. డాక్టరన్నాక ఇంత చులకన కావాలా అనుకున్నాను.

ఆమె వెతికిన మనుషుల్లో బాలస్వామి ఒకడు. అతన్ని నేనెరుగుదును. ఎడ్ల బేరాలు కుదిర్చే మనిషి, సంతలో పెద్ద పేరు. అతని కూతురు నా దగ్గర పదో తరగతి చదివింది. ఆనాటి నుంచి నేనంటే అతనికి గురి. బేరగాళ్ళ మధ్య నిలబడి ఉన్న అతని దగ్గరికి ఈమె నేరుగా వెళ్ళి, “బాలస్వామీ, రొట్టెలు ఎన్ని తింటున్నవ్?” అని అడిగింది.

అతను చుట్టూ చూశాడు. పదిమంది ఉన్నారు. తన తిండి లెక్క నలుగురిలో చెప్పడానికి మనిషికి మొహం చెల్లలేదు. భుజం మీది తువ్వాల తీసి తన కుడిచేతి మీద కప్పుకుని ముందుకు చాపాడు. పశువుల సంతలో ధర పైకి చెప్పరు. తువ్వాల కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టి అంకె చెప్పుకుంటారు. అతను ఆమెకు బేరం భాషలో జవాబు చెప్పబోతున్నాడు.

చుట్టూ ఉన్నవాళ్ళు దగ్గరికి జరిగారు. ఆడమనిషి, అందులోనూ డాక్టరమ్మ, ఆ తువ్వాల కింద చెయ్యి పెడుతుందా అని చూస్తున్నారు. ఆమె బుట్ట కింద పెట్టి, కొంగు సర్దుకుని, చెయ్యి లోపలికి పెట్టింది. కళ్ళు మూసుకుంది. తువ్వాల కదిలింది.

“ఆరు?” అంది కళ్ళు తెరిచి. రహస్యం దాచడం ఆమెకు చేతకాలేదు. సంత పగలబడి నవ్వింది.

“ఆరు తిన్నంక బువ్వ బంద్ పెట్టినవా?”

“గదెట్ల బంద్ పెడతమ్మా?” బాలస్వామి నిజంగానే ఆశ్చర్యపోయాడు. “రొట్టెలు నీ మందు గద. మందు తిన్నంక బువ్వ తినాలె గద.”

నేను కూడా నవ్వాను. ఆమె నవ్వలేదు. “తప్పు నాదే. సరిగ్గ చెప్పలే,” అని అక్కడే ఎడ్లబండి నొగ మీద పుస్తకం పెట్టుకుని కొత్త చీటీ రాసింది. రొట్టెలు రెండు. బువ్వ పిడికెడు. కూర, పప్పు ఎక్కువ. గోలీలు ఏ ఒక్కరోజు గూడ ఆపొద్దు. ఆ చివరి మాట కింద రెండుసార్లు గీత కొట్టింది. ఎవడో వెనక నుంచి, “వచ్చే సంతకు మల్ల మారుస్తవా అమ్మా?” అని అడిగాడు. “కొత్తది తెలిస్తే మారుస్త,” అంది. మళ్ళీ నవ్వులు. ఆమె బుట్ట తీసుకుని మేకల వైపు వెళ్ళిపోయింది.

ఇక్కడిదాకా జరిగింది నవ్వుకుంటూ చెప్పగలిగాను. ఆ తర్వాత నేను చేసిన పని చెప్పాలి.

బాలస్వామి నన్ను చాయ్ హోటలుకు తీసుకుపోయాడు. చీటీ నా ముందు పెట్టి, “సారూ, గీ అమ్మ ఒకపారి గట్ల చెప్తది, ఒకపారి గిట్ల చెప్తది. మీరు సైన్సు సారు. మీరు చెప్పున్రి, ఏం చెయ్యాలె?” అన్నాడు.

ముప్ఫై ఏళ్ళ పాఠంలో నన్నెవరూ అంత ఆత్రంగా అడగలేదు. నేను చక్కెర లేని చాయ్ పక్కకు జరిపి, చొక్కా ఎత్తి బెల్టు చిల్లు చూపించాను. బువ్వ పూర్తిగా మానెయ్యమన్నాను. నెయ్యి, వెన్న, మాంసం తినమన్నాను. గోలీల సంగతి అడిగాడు. “నేను బంద్ పెట్టి మూడో నెల. నన్ను చూడు, ఎట్లున్న?” అన్నాను.

“మంచిగున్నరు సారు.”

“మరింకేంది?”

అతని మొహం విప్పారింది. అటూ ఇటూ కాని మాటలు విని విని విసిగినవాడికి గట్టిమాట దొరికింది. నా చాయ్ డబ్బులు కూడా అతనే ఇచ్చాడు. ఆమె చీటీ అక్కడే బల్ల మీద, తడిలో ఉండిపోయింది.

ఎండలు ముదిరే సరికి నాకు పేపరు మీది అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపించసాగాయి. రాత్రి నాలుగుసార్లు లేవడం, ఎంత నీళ్ళు తాగినా దప్పిక. కళ్ళజోడు మార్చాలేమో అనుకుని, కళ్ళజోడు మార్చాను. కొత్త కళ్ళజోడుతో కూడా అలుక్కుపోయే సరికి మా ఆవిడ ఏమీ అనకుండా నన్ను ఆటో ఎక్కించి ఆ సందులోకి తీసుకుపోయింది. రక్తం పరీక్ష చేసి డాక్టరమ్మ అంకె చెప్పింది. ఆ అంకె ఇక్కడ రాయను, ఇంకా సిగ్గుగానే ఉంది.

తిడుతుందనుకున్నాను. సభ సంగతి, వెన్న కాఫీ సంగతి అన్నీ చెప్పించుకుంది. గోలీలు రాసింది. గీత కొట్టి, తన వాక్యం రాసి, తేదీ వేసింది. చీటీ చేతికిస్తూ కళ్ళజోడు జార్చి అడిగింది.

“ఈ ముచ్చట మీరెవరికన్న చెప్పిన్రా? గోలీలు బంద్ పెట్టమని?”

“లేదండి,” అన్నాను.

“హౌదా?”

“లేదు మేడం.”

ఆమె కళ్ళజోడు పైకి తోసుకుంది. మా ఆవిడ నేల చూస్తోంది. “చెప్పి ఉంటే జర పొయ్యి చెప్పిరాన్రి సారు. కష్టమే. నా రొట్టెల ముచ్చటకు సగం మందే దొరికిన్రు. దొరికినోళ్ళు నవ్విన్రు. అయినా చెప్పాలె,” అంది.

నేను వెళ్ళలేదు. రేపు వెళ్దాం, వచ్చే సంతకు వెళ్దాం అనుకుంటూ గడిపాను. తర్వాత నాకే ఒక వాదన దొరికింది. బాలస్వామి నా మాట వినే ఉండడు, ఊళ్ళోవాళ్ళు ఇవన్నీ పట్టించుకుంటారా అని. ముప్ఫై ఏళ్ళు నా మాట ఎవరూ వినరని విసుక్కున్నవాణ్ణి, ఆ ఒక్కసారి మాత్రం అదే నిజం కావాలని కోరుకున్నాను. అసలు కారణం అది కూడా కాదు. సైన్సు సారు పశువుల సంతలో నిలబడి నాది తప్పు అనాలంటే నాకు కాళ్ళాడలేదు. ఆమె సగం మందినైనా పట్టుకుంది. నాకున్నది ఒక్కడే.

ఆమె పోయిన వార్త చూసిన వారానికి, మొన్న, పెబ్బేరు సంతకు వెళ్ళాను. ఒక్కణ్ణే వెళ్ళాను. బాలస్వామి నిలబడి బేరం చెయ్యడం లేదు. గుంజల పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కుడికాలికి పెద్ద చెప్పు, లోపల గుడ్డ చుట్టి ఉంది. నన్ను చూసి లేవబోయాడు. వద్దన్నాను.

“కాలికేమైంది?”

“బొటనేలు తీసేసిన్రు సారు. పోయిన దసరాకు ముందట. చిన్న ముల్లు గుచ్చింది, మానలే. కర్నూలు దవాఖానల తీసిన్రు. షుగర్ మస్తు పెరిగిందన్నరు.”

అతనే నన్ను ఓదార్చడం మొదలుపెట్టాడు.

“మీరు చెప్పింది మంచిదే సారు. నేనే నిలబడలే. తమ్ముని బిడ్డ లగ్గంల రెండు దినాలు బువ్వ తిన్న. గందుకే గిట్లయింది. గోలీలు మాత్రం మీరు చెప్పినకాడికెల్లి ముట్టలే. వేలు తీసినంకనే మల్ల ఏసుకుంటున్న.”

అంతదాకా వచ్చాక ఇక తప్పించుకోవడానికి దారి లేదు. “బాలస్వామీ, నీ తప్పు లేదు. నేను చెప్పిందే తప్పు. గోలీలు ఆపమనడం తప్పు,” అన్నాను. అతను నా మొహంలోకి చూశాడు. కోపగించుకుంటాడనుకున్నాను. చెయ్యెత్తి, దూరంగా ఉన్న ఇద్దరు మనుషుల్ని పేరుపెట్టి పిలిచాడు.

“సారూ, జర మల్లొకపారి చెప్పున్రి. వీళ్ళిద్దరికీ నేనే చెప్పిన, గోలీలు ఆపున్రని.”

మళ్ళీ చెప్పాను. ఈసారి గట్టిగా చెప్పాల్సి వచ్చింది, సంతలో అరుపుల మధ్య. ఒకతను, “పేపర్ల పడ్డదా సారు, కొత్తగ?” అన్నాడు. రెండో అతను నవ్వాడు, “సైన్సు సారుకే తెల్వకపాయె,” అని. గోలీలు రేపటి నుంచి వేసుకోమని, ముందు రక్తం చూపించుకోమని ఇద్దరినీ బతిమాలాను. తలలూపి పశువుల దగ్గరికి వెళ్ళిపోయారు. వేసుకుంటారో లేదో నాకు తెలియదు.

బాలస్వామి ఒంగి చెప్పులోని గుడ్డ సర్దుకున్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు.

“తప్పని మీకెప్పుడు తెలిసింది సారు?”

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. నిన్ననే అనవచ్చు. అతను నమ్ముతాడు కూడా.

“పోయిన ఎండకాలంల,” అన్నాను.

అతను వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకున్నాడు. తర్వాత మామూలుగానే అన్నాడు.

“గప్పటికి నా వేలుండె సారు.”